జపాండీయా, మినిమలా, పాతకాలపు మిద్దె ఇల్లా? ప్రొద్దుటూరులో ఇల్లు కట్టుకుంటున్న చెల్లికి

"అక్కా" అని పిలిచావు కాబట్టి నేనూ చనువుగా "నువ్వు" అనే అంటాను. నీ ప్రశ్న పొడుగ్గా ఉంది గానీ నాకు అర్థమైంది ఇది. ప్రొద్దుటూరులో అమ్మానాన్నల కోసం ఇల్లు కట్టిస్తున్నావు. గోడలు లేచాయి, లోపలి పని మొదలుకావాలి. నువ్వేమో బెంగళూరులో కూర్చుని ఫోనులో 1800 బొమ్మలు దాచుకున్నావు. ఒక నెల జపాండీ, ఇంకో నెల చెట్టినాడు, మొన్నటి నుంచి ఏదో బ్రూటలిజం, అంటే పూత లేని కాంక్రీటు గోడలు. అమ్మ మాత్రం హాల్లో షోకేసు ఉండాల్సిందే అంటోంది. "అసలు నాకంటూ ఒక టేస్టు ఉందా అక్కా? మీ స్టైలు మీకెట్లా దొరికింది?" అని అడిగావు.

కడపలో 26 ఏళ్ళుగా ఇళ్ళ లోపలి పని చేస్తున్నా. పాలిటెక్నిక్ డిప్లొమాతో వచ్చినదాన్ని, పెద్ద చదువేం కాదు. కాబట్టి ఇది క్లాసు పాఠంలాగా ఉండదు, నాకు తెలిసిన వరుసలో చెప్పుకుంటూ పోతాను.

ముందు ఆ 1800 బొమ్మల సంగతి. చెరిపెయ్యమని చెప్పను. కానీ ఆ పేర్లున్నాయి చూడు, అవేవీ ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఎవరికో వాళ్ళ ఊళ్ళో ఏదో ఇబ్బంది ఉండింది, దానికి వాళ్ళు వెతుక్కున్న ఉపాయాలవి. స్వీడన్, నార్వే వైపు నడి చలికాలంలో పగలంటే కొన్ని గంటలే. బాగా ఉత్తరానికి పోతే వారాల తరబడి సూర్యుడే లేవడు. దొరికిన ఆ కాస్త వెలుతురునే గది మూలమూలకూ చేర్చాలి. అందుకని తెల్ల గోడలు, పాలిపోయిన రంగు కొయ్య, పరదా లేని కిటికీ. జపాన్‌లో వానలెక్కువ. చూరు బాగా ముందుకు దించుతారు, దాంతో గదిలో ఎప్పుడూ నీడే. కాగితం తలుపుల్లోంచి వడకట్టుకుని వచ్చే వెలుతురులో మట్టిగోడ కూడా పట్టులాగా కనపడుతుంది. ఈ రెండు దేశాల పద్ధతినీ కలిపి అమ్ముకోవడానికి పెట్టిన పేరే జపాండీ.

ఇప్పుడు ప్రొద్దుటూరుకు రా. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. మనకు వెలుతురు చాలక కాదు, పట్టలేక బాధ. మంచి తెల్ల పెయింటు తన మీద పడిన వెలుతురులో 80 శాతానికి పైగా వెనక్కి కొడుతుంది. పడమటి కిటికీకి ఎదురుగా అట్లాంటి గోడ పెట్టించుకుంటే మీ నాన్న కళ్ళు చిట్లించుకోకుండా పేపరు చదవలేడు. తెలుపు ఎక్కడ వాడాలో చెప్పనా? మిద్దె పైన. పగిలిన తెల్ల టైల్సు ముక్కలు తెచ్చి మిద్దె మీద పరిపించు. చూసేవాళ్ళెవరూ ఉండరు గానీ కింద గదిలో పడుకున్నవాళ్ళకు తెలుస్తుంది.

మిగతావీ అంతే. డిజైను నేర్పే బౌహౌస్ బడి 1919లో జర్మనీలోని వైమార్‌లో పుట్టింది. మొదటి యుద్ధంలో ఓడి దేశం చితికిపోయి ఉంది. ఫ్యాక్టరీలో చవగ్గా, వేల సంఖ్యలో చేయగలిగిన కుర్చీ, దీపం, గిన్నె ఎట్లా ఉండాలన్నది వాళ్ళ ముందున్న లెక్క. నగిషీలు పోయి గీతలు మిగలడానికి అదో పెద్ద కారణం. 1933లో నాజీల దెబ్బకు బడి మూతపడింది. నిండా 14 ఏళ్ళు నడిచిన బడి అది, వందేళ్ళు దాటినా దాని గీతలు మన మాడ్యులర్ కిచెన్ల మీద కనపడుతూనే ఉన్నాయి. ఆ నున్నదనం మీద విసుగు పుట్టే 1981లో మిలాన్‌లో ఎట్టోరె సొట్సాస్ అనే డిజైనరు, ఆయన జట్టు మెంఫిస్ పేరుతో గులాబీ, పసుపు, చారల ప్లాస్టిక్ లామినేటుతో బీరువాలు చేసి జనాన్ని ఉలిక్కిపడేట్టు చేశారు. లామినేటంటే ఏమో అనుకోవద్దు, మనం సన్‌మైకా అంటామే, ఆ జాతిదే. మా చిన్నప్పుడు వీధిలో సగం టీవీ స్టాండ్లు ఆ లెక్కన మెంఫిస్సే. మిలాన్‌లో అది తిరుగుబాటు, మా వీధిలో కార్పెంటరు దగ్గర మిగిలిన ముక్కలు.

వాళ్ళందరిలో మన ఎండకు దగ్గరి చుట్టం మెక్సికో ఆర్కిటెక్టు, లూయిస్ బరగాన్. 1980లో ఆర్కిటెక్టులకు ఇచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఎండ మండే దేశంలో ఆయన గోడలకు ముదురు గులాబీ, కావిరంగు, నీలిమందు రంగు వేయించాడు. కిటికీలు తక్కువ, గోడలు ఎత్తు. ఆ ఫోటోలు నీ 1800లో ఉన్నాయో లేదో చూడు. లేకపోతే ఎందుకు లేవా అని ఆలోచించు. మనకు చూపించేది మనకు పనికొచ్చేది కాదు, ఎక్కువమంది అమ్ముతున్నది.

ఇక నా స్టైలు సంగతి. నవ్వుకోవద్దు, అది నాకు 35 దాటాక తెలిసింది. అప్పటిదాకా నేనూ నీలాగే, ఈ నెలొకటి, ఆ నెలొకటి.

అది నాకు మూడు చోట్ల నుంచి వచ్చింది. మొదటిది మా నాయన పని. ఆయన కడపలో బోర్డులు రాసేవాడు. కిరాణా అంగళ్ళు, సైకిలు షాపులు, టైలర్లు, సినిమా హాలు గోడలు. రేకు మీద ఎనామిల్ పెయింటు. నేను బడి నుంచి వచ్చి డబ్బాలు కలిపి ఇచ్చేదాన్ని. ఆయన పని ఎట్లా మొదలుపెట్టేవాడంటే, సుద్ద పూసిన దారం ఈ కొసన నేను, ఆ కొసన ఆయన పట్టుకుని, మధ్యలో వేలితో లాగి వదిలేవాడు. ఠప్పుమని గీత పడేది. అట్లా నాలుగు. అక్షరాల కోసం అనుకున్నావా? కాదు, బార్డరు కోసం. అక్షరం ఒక్కటీ రాయకముందే చుట్టూ అర అంగుళం బార్డరు నల్లగా వేసేసేవాడు. "ముందు పొలానికి గట్టు వెయ్యాల, తర్వాత నీళ్ళు పెట్టాల" అనేవాడు. అంగడాయన వచ్చి "ఏం సామీ, పేరేది?" అంటే ఖాళీ రేకును చూపించి "ఇందులోనే ఉండాది" అని నవ్వేవాడు. 2000 దాటాక ఫ్లెక్సులు వచ్చి ఆ పని పోయిందిలే. అది వేరే కథ.

రెండోది జమ్మలమడుగు దగ్గర మా అవ్వ ఇల్లు. నువ్వు పట్నంలో పెరిగినదానివైతే గవాచి అనే మాట విని ఉండవు. బండల మిద్దెకు నడిమధ్య అడుగు వెడల్పున వదిలిన బొక్క. పొగ పోవడానికి, వెలుతురు రావడానికి. వానొస్తే ఎవరో ఒకరు పైకి ఉరికి పలక మూసి రావాలి. అవ్వ పడసాలలో కిటికీలు లేవు, రెండు తలుపులు, ఈ గవాచి, అంతే. ఎండాకాలం సెలవుల్లో నేను నాపబండల మీద పొర్లుతూ ఆ వెలుతురు బిళ్ళ జరగడం చూసేదాన్ని. పొద్దున పడమటి గోడ మీద ఉండేది, అక్కణ్ణించి దిగి రాగుల గుమ్మి పక్కకు, పన్నెండుకు తిరగలి దగ్గరికి. అది తిరగలిని తాకితే అవ్వ ఎసరు పెట్టేది. ఆ బిళ్ళను దూరం నుంచి చూస్తే కత్తెరతో కత్తిరించినట్టు ఉండేది. బోర్లా పడుకుని ముక్కు ఆనించి చూస్తే అంచు మసకగా, అంగుళం మేర సగం వెలుతురు సగం చీకటి. బండ ఉత్త బూడిదరంగు అనుకుంటామా, ఆ బిళ్ళ పడినచోట పచ్చదనం, నీలం, సన్నటి తెల్ల నరాలు అన్నీ బయటికి వచ్చేవి. బయట అడుగు పెడితే ఆ బండే తెల్లగా మండిపోయి ఏమీ కనపడదు. రంగు కనపడాలంటే చుట్టూ నీడ ఉండాలని అక్కడ తెలిసింది. తెలిసిందంటే, కంటికి తెలిసింది. మాటల్లోకి రావడానికి పాతికేళ్ళు పట్టింది.

మూడోది లేపాక్షి. హిందూపురం పక్కనే, ఇంతకుముందు అనంతపురం జిల్లా, 2022 నుంచి సత్యసాయి జిల్లా. అందరూ నంది దగ్గర, వేలాడే స్తంభం దగ్గర ఫోటోలు దిగి పోతారు. నువ్వు మాత్రం మండపంలో తల పైకెత్తి గంట సేపు ఉండు, మెడ నొప్పి పుట్టినా సరే. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలం బొమ్మలవి, అంటే 1530ల నాటివి. సున్నపు పూత మీద ఎర్ర జాజు, పసుపు మట్టి, నలుపు, తెలుపు, అక్కడక్కడ ఆకుపచ్చ. పెట్టె తెరిస్తే ఐదారు రంగులు, అంతే. వాటితోనే పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, పంది వేట అన్నీ చేశారు. ఆడవాళ్ళ చీరలు చూడు. ఒకరి చీర ఇంకొకరికి లేదు, గళ్ళు, చారలు, పూలు, చుక్కలు. అన్ని డిజైన్లున్నా గందరగోళం ఎందుకు లేదు? ప్రతి ఒంటికీ చుట్టూ నల్ల గీత. ఒక కథ అయిపోయి ఇంకో కథ మొదలయ్యే చోట పట్టీ. నేను 36వ ఏట మూడోసారి పోయినప్పుడు, పక్కన ఎవరో గైడు చెప్పుకుపోతుంటే, నాకు హఠాత్తుగా మా నాయన రేకు బార్డరు కనపడింది. అదే గట్టు, అవే నీళ్ళు.

ఇంటికొచ్చి నేను అప్పటిదాకా చేసిన ఇళ్ళ ఫోటోలన్నీ మంచం మీద పరిచా. ఏ పేరుతో చేసినా, మోడరన్ అని చేసినా, ట్రెడిషనల్ అని చేసినా, ప్రతిదాంట్లో ఎక్కడో ఒకచోట అంచు గీసి ఉన్నా. నేలకు నల్ల బండ పట్టీ, తలుపుకు ముదురు చట్రం, పరదాకు కింద వేరే గుడ్డ. ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు, చెయ్యి తనంతట తాను చేసుకుపోయింది. నీ స్టైలు ఏదని అడిగితే ఇప్పుడు నేను ఒకటే మాట చెప్తాను: అంచు. పుస్తకాల్లో ఆ పేరుతో ఏ స్టైలూ ఉండదు.

అది పట్టుబడ్డాక గదిని చీరలాగా చూడటం అలవాటయింది. మన ధర్మవరం పట్టుచీర తీసుకో. నేతవాళ్ళు బాడీ అంటారే, అది చీరలో ఎక్కువ భాగం, నిమ్మళంగా ఉంటుంది. అంచు ముదురు, వెడల్పు, బాడీతో తగువు పెట్టుకునే రంగు. ఆడంబరమంతా కొంగులో. కొంగులో ఉన్న జరీ చీరంతా ఉంటే మొయ్యలేం, కట్టలేం. గదికీ అంతే. గోడలు, నేల బాడీ. తలుపు చట్రాలు, నేల పట్టీ, గోడ కింది పట్టీ అంచు. కొంగు ఒక్కచోటే, ఒకే గోడ.

ఇక్కడికి మీ అమ్మ షోకేసు దగ్గరికి వచ్చాం. అదే నీ కొంగు! దాన్ని ఎట్లా తప్పించాలా అని నువ్వు చూస్తున్నావు, నేనైతే గది మొత్తం దాని కోసం నిమ్మళంగా ఉంచుతా. ఆ అద్దాల వెనక ఏముంటాయో నాకు తెలుసు. తిరుపతిలో కొన్న ఎర్ర చందనం బొమ్మ, కొండపల్లి ఎద్దులబండి, పింగాణీ బాతు, నీకు బళ్ళో ఇచ్చిన కప్పులు, మీ తమ్ముడి ఫోటో, ఎవరో గృహప్రవేశానికి ఇచ్చిన ప్లాస్టిక్ తాజ్‌మహల్, దాని లోపల ఎర్ర బల్బు. దాన్ని ఇంగ్లీషు పత్రికలో వేస్తే మాక్సిమలిజం అంటారు, మన ఇంట్లో ఉంటే చాదస్తం. గోడలోకే ఆరడుగుల గూడు తీయించు, చుట్టూ నాలుగంగుళాల టేకు చట్రం, లోపల వెనక గోడకు ఒకే ముదురు రంగు, పైనుంచి ఒక వెచ్చని దీపం. లోపల ఏం పెట్టాలన్నది అమ్మ ఇష్టం. నువ్వు చెయ్యి పెట్టొద్దు. చట్రం గట్టిగా ఉంటే లోపల బాతు ఉన్నా తాజ్‌మహల్ ఉన్నా ఒకటే బొమ్మలాగా కనపడుతుంది.

నేను చేసిన ఒక తప్పు కూడా చెప్తాను, ఎందుకంటే నీ బొమ్మల్లో సగం ఆ తప్పు లాగే ఉన్నాయి. పదేళ్ళ కిందట కడపలోనే ఒక ఇల్లు. కొడుకు అమెరికాలో, ఉండేది తల్లీ తండ్రీ. కొడుకు ఫోనులోనే అంతా, "మినిమల్ కావాలి మేడం, ఏమీ కనపడకూడదు" అన్నాడు. నాకూ మోజే. గోడలు పైనుంచి కిందిదాకా తెలుపు, నేల తెల్లటి నిగనిగల టైల్సు, పిడుల్లేని కప్‌బోర్డులు, నొక్కితే తెరుచుకునేవి. నల్లటి మ్యాట్ కుళాయిలు. ఫోటోలు అద్భుతంగా వచ్చాయి. ఇప్పటికీ నా ఆల్బంలో అవే ముందుంటాయి, సిగ్గు లేకుండా చెప్తున్నా.

ఆషాఢం గాలి వచ్చింది. నీకు తెలుసు కదా మన సీమ గాలి, రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. కిటికీ కిందంతా ఎర్ర చారలు. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, మూడు నెలల్లో నల్ల కుళాయిలు విబూతి పెట్టుకున్నట్టయ్యాయి. దేవుడి గూటి పైన దీపం మసి. నేను ఆరు నెలల తర్వాత ఊరికే చూసి వద్దామని పోయా. వంటింట్లో ప్రతి కప్‌బోర్డు తలుపుకూ ఆమె పాత చీర చింపి పేలిక కట్టుకుంది. తలుపు అంచుకు చిన్న మేకు కొట్టి, దానికి పేలిక. పిండి చేతులతో నొక్కితే మరక పడుతోందట, ఒక్కోసారి నొక్కినా తెరుచుకోవట్లేదట. లాగడానికి ఏదో ఒకటి కావాలి కదా. నాకు కాఫీ ఇచ్చి ఆమె అంది: "నువ్వు బాగనే చేసినావు మ్మా, మాకే వాడుకోను చాతగాలా." ఆ మాట గుచ్చుకున్నట్టు నన్ను ఎవరు తిట్టినా గుచ్చుకోలేదు.

తర్వాత నా ఖర్చుతోనే ఇత్తడి పిడులు వేయించా. గోడలకు కిందనుంచి మూడడుగులు మట్టెరుపు పట్టీ, కడిగితే పోయే పెయింటుతో. అది నేను కనిపెట్టిందేం కాదు. మన పల్లెల్లో గోడకు పైన సున్నం, కింద ఎర్రమన్ను పట్టీ ఎందుకు పూస్తారు? చినుకు నేల మీద పడి చిందిన బురద ఆ పట్టీలో కలిసిపోవడానికి. అందమని మనం అనుకునేది వాళ్ళకు చాకిరీ తగ్గించుకునే ఉపాయం. కుళాయిలు కూడా స్టీలువి పెట్టించా. మరక స్టీలు మీదా పడుతుంది, కానీ నలుపు మీద అరిచినట్టు అరవదు.

రాయి గురించి అడిగావు, "కడప బండ వాడొచ్చా లేక ఇటాలియన్ మార్బులా" అని. బండల గనులున్న ఎర్రగుంట్ల పక్కన కూర్చుని ఇటాలియన్ అంటే నేనేం చెప్పను! బొంబాయిలో వంటింటి గట్టు బండ పేరే 'కడప్పా' అని తెలుసా? మన ఊరి పేరు అక్కడ రాయి పేరైపోయింది. తాడిపత్రి, బేతంచెర్ల, కడప బండలు ఇంచుమించు ఒకే కుటుంబం, అన్నీ సున్నపురాయి జాతివే. నల్లగా, బూడిదగా, ఆకుపచ్చ ఛాయలో దొరుకుతాయి. నేలకు, మెట్లకు, తిన్నెకు కళ్ళు మూసుకుని వాడు. వట్టి పాదాలకు దాని చల్లదనం ఏ టైలూ ఇవ్వదు.

కానీ ఒకటి. సున్నపురాయి కాబట్టి పులుపు తగిలితే దెబ్బ తింటుంది. నిమ్మచెక్క బోర్లించి మరిచిపోతే పొద్దునకు గుండ్రటి తెల్ల మచ్చ. అది మరక కాదు, కడిగితే పోవడానికి. పులుపు ఆ రాతిని కరిగించి పాలిష్ తినేసింది. చింతపండు పులుసుకూ అంతే, బాత్రూముల్లో పోసే యాసిడ్‌కు అయితే చెప్పక్కర్లేదు. అందుకని పొయ్యి గట్టుకు గ్రానైటు వేయించు, దానికి పులుపు భయం లేదు. నేలకు బండ. పని మనిషికి ముందే చెప్పు, యాసిడ్ సీసా ఇంట్లోకే రానివ్వద్దని. బయట ఎండలో నల్ల పాలిష్ బండ కూడా వద్దు, కొన్నేళ్ళకు బూడిదరంగుకు తిరుగుతుంది. బయటికి పాలిష్ లేనిదే తీసుకో, వానలో జారదు కూడా.

చెట్టినాడు ఆత్తంగుడి టైల్సు, చేత్తో చేసే ఆ రంగురంగుల సిమెంటు టైల్సు, నీకు చాలా నచ్చాయన్నావు. నాకూ నచ్చుతాయి. కానీ హాలంతా పరిస్తే చీరంతా కొంగే. దేవుడి గది ముందు, నాలుగడుగుల చాప అంత మేర పరిచి చుట్టూ నల్ల బండ పట్టీ వేయించు. డబ్బూ మిగులుతుంది.

దీపాల విషయంలో అమ్మతో తగువు పడుతున్నావు, ఆమెకు తెల్ల ట్యూబులైటు, నీకు కెఫేలో లాగా పసుపు వెలుతురు. ఇద్దరిదీ న్యాయమే. వయసు మీద పడేకొద్దీ కంటి కటకం పసుపు తిరుగుతుంది, లోపలికి పోయే వెలుతురు తగ్గుతుంది. ఆమె ట్యూబులైటు అడగడం టేస్టు లేక కాదు, మిరపకాయలో పురుగు కనపడక. వంటింట్లో, పేపరు చదివే చోట 4000 కెల్విన్ బల్బులు గట్టిగా పెట్టు. బల్బు డబ్బా మీద ఉండే ఆ అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపు, పెరిగేకొద్దీ తెలుపు. హాల్లో, పడక గదిలో 2700 నుంచి 3000. 6500 అని రాసి ఉన్నవి కారు షెడ్డుకు పంపించు. హాల్లో ఒక్క దీపం మాత్రం నా కోసం పెట్టు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలవాళ్ళు మేకతోలుతో ల్యాంప్‌షేడ్లు చేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒకసారి పోయి చూడు. పలచగా గీకిన తోలు మీద ముందు నల్ల గీతతో బొమ్మ కడతారు, తర్వాత రంగులు నింపుతారు, ఆపైన నగల దగ్గర ఉలితో చుక్కలు చుక్కలుగా పొడుస్తారు. దీపం వెలిగిస్తే రంగులు తోలులోంచి వస్తాయి, నగలు మాత్రం చిల్లుల్లోంచి తళతళమంటాయి. అక్కడా మళ్ళీ ఆ నల్ల గీతే, చూశావా? నేనే కావాలని వెతుక్కుంటున్నానో ఏమో.

టేస్టు ఉందా అని అడిగావు కదా. ఉంది. నీకు తెలియకుండా ఉంది. దాన్ని పట్టుకోవడానికి నేను నా దగ్గర పని నేర్చుకునే పిల్లలతో చేయించేది చెప్తాను. వారం రోజులు ఫోనులో ఎవరి బొమ్మా దాచుకోవద్దు. నీ కంటితో చూసినవాటినే, నీ కన్ను ఒక్క క్షణం ఎక్కువ ఆగినవాటినే ఫోటో తియ్యి. బస్సు సీటు, ఎవరిదో గోడ, టీ గ్లాసు, ముగ్గు, ఏదైనా. నలభై దాకా వస్తాయి. వాటిని చిన్నవిగా ప్రింటు తీయించి నేల మీద పరుచు. గుడి గోపురాలు, సూర్యాస్తమయాలు, అందరూ తీసేవి పక్కకు తీసెయ్. మిగిలినవాటిలో ఏ వస్తువు ఉందని చూడొద్దు, ఏ సంగతి మళ్ళీ మళ్ళీ వస్తోందో చూడు. మా దగ్గర పనిచేసిన ఒక అమ్మాయికి ముప్పైలో పందొమ్మిది ఫోటోల్లో ఒకదాని మీద ఒకటి పేర్చినవే వచ్చాయి. ఇటుకలు, రొట్టెలు, మడిచిన దుప్పట్లు, గుడి మెట్లు. ఇప్పుడు ఆమె చేసే అరలు చూస్తే పేరు చెప్పకుండా ఆమెవని గుర్తుపట్టొచ్చు. ఇంకో అబ్బాయికి అన్నీ ఖాళీలే వచ్చాయి, తలుపు సందు, కొమ్మల మధ్య ఆకాశం. వాడికి బొమ్మ కన్నా బొమ్మ పక్కనున్న చోటు ఇష్టం. ఆ పిల్లవాడికి మినిమల్ నప్పుతుంది, నిజంగా నప్పుతుంది. నీకు నప్పుతుందో లేదో ఆ నలభై ఫోటోలు చెప్పాలి, నేను చెప్పలేను.

రంగులు మాత్రం షేడ్ కార్డు చూసి తేల్చొద్దు, దండం పెడతా. అగ్గిపెట్టె అంత ముక్కలో ఉన్న రంగు గోడంతా అయ్యేసరికి రెండింతలు ముదురుగా అరుస్తుంది. రెండడుగుల ప్లైవుడ్ ముక్క తెచ్చి రెండు కోట్లు వేయించి, ఏ గోడకు వేయాలనుకున్నావో ఆ గోడకే ఆనించు. పొద్దున ఏడుకు, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఆరుకు, రాత్రి దీపం కింద, నాలుగుసార్లు చూడు. తూర్పు గదిలో పొద్దున తేనెలాగా ఉన్న పసుపు మధ్యాహ్నం జబ్బు మనిషిలాగా ఉండొచ్చు. మీ నాన్న ఆ గదిలో ఎప్పుడు కూర్చుంటాడో ఆ వేళకు బాగుంటే చాలు, మిగతా వేళల్లో ఎట్లా ఉంటే ఏం.

నీకు మళ్ళీ రాసే తీరికుంటే మూడు ఫోటోలు పెట్టు. పడమటి కిటికీ, మధ్యాహ్నం మూడింటికి, దీపాలు వెయ్యకుండా. పాత ఇంట్లో అమ్మ షోకేసు, సర్దకుండా ఎట్లా ఉంటే అట్లా. ఇంకా అమ్మ బీరువాలో ఆమె ఎవరికీ ఇవ్వని చీర ఒకటి ఉంటుంది, దాని అంచు, దగ్గరగా, జరీ పోగులు లెక్కపెట్టేంత దగ్గరగా. అవి చూశాక హాలు పట్టీకి నల్ల బండా, ఆకుపచ్చ బండా అన్నది మాట్లాడదాం. బేతంచెర్లలో ఆకుపచ్చది మంచిది దొరికితే రెండు పలకలు ఎక్కువే తీసిపెట్టుకో, తర్వాత కావాలంటే ఆ ఛాయ మళ్ళీ దొరకదు.